ఫ్రాంక్: ఆ పేరులోని స్వేచ్ఛ ఎవరిది?

ఫ్రాంక్ అనే నాణేనికి ఆ పేరు ఎలా వచ్చిందని అడిగితే ఫ్రెంచివాళ్ళు సాధారణంగా ఒక కథ చెబుతారు. ఇంగ్లీషువాళ్ళకు యుద్ధంలో చిక్కిన ఒక రాజు నాలుగేళ్ళు చెరలో గడిపి, డబ్బు కట్టి బయటపడ్డాడు. ఆ సంతోషంలో బంగారు నాణెం కొట్టించి, 'స్వేచ్ఛ పొందినవాడు' అనే అర్థం వచ్చేలా దానికి ఫ్రాంక్ అని పేరు పెట్టాడు. కథ బాగుంది. చాలావరకు నిజం కూడా. కానీ అది రాజు దగ్గర మొదలై రాజు దగ్గరే ఆగిపోతుంది. ఆ డబ్బు ఎవరు కట్టారు? ఆ నాణేన్ని జనం ఎందుకు నమ్మారు? రాజు పోయి, వంశం పోయి, చివరికి రాజరికమే పోయినా ఆ పేరు 640 ఏళ్ళకు పైగా ఎలా నిలిచింది? ఈ ప్రశ్నలు ఆ కథలో ఉండవు. ఫ్రాంక్ అనే పేరు పుట్టడానికి రాజు విడుదల కారణమై ఉండొచ్చు. అది బతికిందంటే మాత్రం, పన్నులు కట్టిన జనం బదులుగా రాబట్టుకున్న నికార్సయిన నాణెం వల్లే అని నేను నమ్ముతున్నాను.

మాది కాకినాడ. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న యానాం మాకు పక్క ఊరి కిందే లెక్క. ఫ్రెంచి సైన్యంలో చేసి వచ్చినవాళ్ళకు ఫ్రాంకుల్లో పెన్షన్ వస్తుందని పెద్దవాళ్ళు చెప్పుకుంటుంటే వింటూ పెరిగాను. ఆ మాటకు స్వేచ్ఛ అనే అర్థం ఉందని తెలిసిన రోజున నాకు పట్టరానంత కోపం వచ్చింది. ఊళ్ళకు ఊళ్ళు ఆక్రమించి ఏలినవాళ్ళ నాణేనికి స్వేచ్ఛ అని పేరా? ఆ కోపమే నన్ను 14వ శతాబ్దం దాకా తీసుకెళ్ళింది.

1356 సెప్టెంబర్ 19న ఫ్రాన్స్‌లోని పువాతియే దగ్గర యుద్ధం జరిగింది. అటు ఇంగ్లండు యువరాజు ఎడ్వర్డ్, ఇటు ఫ్రాన్స్ రాజు రెండో జాన్. ఫ్రెంచి యోధుల్లో ఎక్కువమంది గుర్రాలు దిగి పోరాడారు. రాజు కూడా నేల మీదే నిలబడి గొడ్డలితో పోరాడాడు. పక్కన పద్నాలుగేళ్ళ చిన్నకొడుకు ఫిలిప్ ఉన్నాడు. సాయంత్రానికి తండ్రీకొడుకులు ఇద్దరూ పట్టుబడ్డారు. రాజును ముందు బోర్దోకి, తర్వాత లండన్‌కి తీసుకెళ్ళారు. బందీయే అయినా రాజుకు జరగాల్సిన మర్యాదలన్నీ జరిగాయి. ఇక్కడ దేశం మాత్రం అల్లకల్లోలమైంది. అంతకు ఎనిమిదేళ్ళ ముందే వచ్చిన ప్లేగు ఊళ్ళను ఊడ్చిపెట్టేసింది. జీతం లేని సైనికులు దోపిడీ దొంగలై పల్లెల మీద పడ్డారు.

1360 మే నెలలో బ్రెతిన్యి అనే చోట ఒప్పందం కుదిరింది. రాజు విడుదలకు కట్టాల్సిన సొమ్ము 30 లక్షల ఎక్యులు, అంటే అప్పటి ఫ్రెంచి బంగారు నాణేలు. ఇంగ్లండు లెక్కలో 5 లక్షల పౌండ్లు. మొదటి వాయిదా కోసం రాజు తన కూతురు ఇసబెల్‌ని, ఇంకా బాల్యం దాటని పిల్లని, మిలాన్‌ని ఏలే విస్కోంతీల ఇంటికి కోడలిగా పంపాడు. వాళ్ళు ఇచ్చిన డబ్బు చేతికొచ్చాకే వాయిదాలో పెద్ద భాగం కట్టగలిగాడు. అక్టోబర్ చివర్లో రాజు, ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఉన్న కలే రేవు నుంచి బయటపడ్డాడు. మిగతా సొమ్ముకు హామీగా ఇద్దరు కొడుకులు, ఎందరో ప్రభువులు ఇంగ్లీషువాళ్ళ దగ్గరే ఉండిపోయారు. పారిస్‌కి తిరిగొచ్చే దారిలో, డిసెంబర్ 5న, కోంపియేన్ అనే పట్టణంలో రాజు కొన్ని ఆజ్ఞలు జారీ చేశాడు. ఫ్రాంక్ పుట్టింది వాటిలోనే.

ఆ నాణెం ఎలా ఉంటుందో చెప్పాలి. పలచటి బిళ్ళ. బరువు 3.88 గ్రాములు, మేలిమి బంగారం. పారిస్ మార్కు అనే తూకానికి, అంటే దాదాపు 245 గ్రాములకి, 63 నాణేలు తీయాలని లెక్క. ఒక వైపు రాజు గుర్రం మీద దౌడు తీస్తుంటాడు. తలకు శిరస్త్రాణం, దాని మీద కిరీటం, కుడిచేతిలో ఎత్తిన కత్తి. కవచం మీది అంగీ నిండా, గుర్రం ఒంటి మీది బట్ట నిండా లిల్లీ పూల గుర్తులు. ఆ బట్ట గుర్రం కాళ్ళ దాకా జారి వెనక్కి ఎగురుతున్నట్టు చెక్కారు. చెక్కినవాడి పనితనానికి దండం పెట్టాలి, వేలిగోరంత చోటులో గాలి కూడా కనిపిస్తుంది. చుట్టూ లాటిన్‌లో, 'దేవుని దయవల్ల ఫ్రాంకుల రాజు జాన్' అని రాసి ఉంటుంది. రెండో వైపు పువ్వుల్లా విచ్చుకున్న శిలువ, చుట్టూ 'క్రీస్తు జయిస్తాడు, క్రీస్తు ఏలుతాడు, క్రీస్తు శాసిస్తాడు' అన్న మాటలు.

నేల మీద గొడ్డలి పట్టుకుని పోరాడి ఓడిపోయిన రాజును, నాలుగేళ్ళకి బంగారం మీద గుర్రమెక్కించి చేతికి కత్తి ఇచ్చారు. ఆ బొమ్మ ఎందుకు వేశారో చూసినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. మా రాజు తిరిగొచ్చాడు, మళ్ళీ జీనెక్కాడు. జనానికి అందాల్సిన కబురు అదే.

ఇక పేరు సంగతి. దీని మీద పండితుల్లో రెండు వాదాలున్నాయి. నాణెం మీద లాటిన్‌లో ఉన్న 'ఫ్రాంకోరుమ్ రెక్స్', అంటే ఫ్రాంకుల రాజు అన్న మాటల్లో మొదటిదాని నుంచి ఫ్రాంక్ వచ్చిందన్నది ఒకటి. అప్పటి ఫ్రెంచి భాషలో 'ఫ్రాంక్' అంటే స్వేచ్ఛ గలవాడు, ఎవరికీ కట్టుబడనివాడు కాబట్టి రాజు విడుదలకు గుర్తుగా ఆ పేరు పెట్టారన్నది రెండోది. చాలామంది రెండూ చెప్పి, ఏదైనా కావచ్చు అని వదిలేస్తారు. నేను వదిలేయను. మొదటి వాదం నిలబడదని నా అభిప్రాయం.

ఎందుకంటే, ఆ కాలపు ఫ్రాన్స్‌లో బంగారు నాణేల పేర్లు బొమ్మను బట్టి వచ్చేవి. 1266లో తొమ్మిదో లూయీ కొట్టించిన బంగారు నాణెం మీద డాలు బొమ్మ ఉంది, డాలును ఎక్యు అంటారు కాబట్టి అది ఎక్యు అయింది. గొర్రెపిల్ల బొమ్మ ఉన్నది అన్యెల్. రాజు సింహాసనం మీద కూర్చున్నది షేజ్, అంటే కుర్చీ. ఆరో ఫిలిప్ కాలంలో సింహం బొమ్మదాన్ని లియోన్ అన్నారు, గుడారం బొమ్మదాన్ని పవియోన్ అన్నారు, దేవదూత ఉన్నదాన్ని ఆంజ్ అన్నారు. చదువు రాని రైతు కూడా బిళ్ళను చేతిలోకి తీసుకుని పేరు చెప్పగలడు. మనకిది కొత్తేమీ కాదు, వరాహం బొమ్మ ఉన్న బంగారు నాణేన్ని మనవాళ్ళు వరాహం అన్నది ఇలాగే. ఆ లెక్కన జాన్ రాజు నాణేనికి గుర్రం పేరో రౌతు పేరో రావాలి. అలా రాలేదు. పోనీ మీద రాసిన అక్షరాల నుంచి వచ్చిందందామా? ఎక్యు మీదా, సింహం నాణెం మీదా, అంతకు ముందు ఎన్నో నాణేల మీదా అదే 'ఫ్రాంకోరుమ్ రెక్స్' ఉంది. వాటిలో దేనికీ రాని పేరు సరిగ్గా 1360లో, రాజు చెర వీడిన ఆరు వారాలకు కొట్టిన నాణేనికే ఎందుకొచ్చింది? నాణెం మీది అక్షరాల నుంచి పేరు రావడం అసలే లేదనను. వెనిస్ డ్యుకట్ పేరు దాని మీది చివరి మాటతో కలుస్తుంది. కానీ ఇక్కడ సందర్భం గట్టిగా రెండో వైపే మొగ్గుతోంది. ఇది జనం నోట పుట్టిన ముద్దుపేరు కాదు, రాజు కొలువులో ఆలోచించి పెట్టిన పేరు.

అయితే ఆ రెండు అర్థాలూ అసలు వేరువేరు మాటలు కావు. ఫ్రాంకులంటే ఐదో శతాబ్దంలో రోమన్ల గాల్ దేశాన్ని, అంటే ఇప్పటి ఫ్రాన్స్‌ని, గెలిచి ఏలిన జర్మానిక్ తెగ. గెలిచినవాళ్ళు కాబట్టి ఆ నేల మీద పూర్తి హక్కులూ, పన్నుల మినహాయింపులూ వాళ్ళవే. అలా తెగ పేరే 'స్వేచ్ఛ గలవాడు' అనే మాటగా మారింది. ఇంగ్లీషులో మనసులో మాట దాచుకోకుండా చెప్పేవాణ్ణి ఫ్రాంక్ అంటారు. రుసుము లేకుండా ఉత్తరం పంపే హక్కును బట్టి ఫ్రాంకింగ్ అనే మాట పుట్టింది. ఇప్పుడు మనం అద్దె అగ్రిమెంటు మీద డబ్బు కట్టి మరీ ఫ్రాంకింగ్ వేయించుకుంటున్నాం. తూర్పు వైపు ఈ మాట ఇంకా దూరం నడిచింది. క్రూసేడ్ యుద్ధాల కాలంలో అరబ్బులు పడమటి నుంచి వచ్చినవాళ్ళందరినీ ఫ్రాంకుల పేరుతో పిలిచారు. అది పారశీకంలో 'ఫరంగ్' అయింది, మనదాకా వచ్చేసరికి పరంగి, ఫిరంగి అయింది. తెల్లవాడు పరంగి, తెల్లవాడు తెచ్చిన తుపాకిగొట్టం ఫిరంగి. గుంటూరు దగ్గర ఫిరంగిపురం పేరులో ఉన్నదీ ఈ మాటే. ఒకే వేరు నుంచి అక్కడ స్వేచ్ఛ మొలిచింది, ఇక్కడ ఫిరంగి మొలిచింది. చిన్నప్పటి నా కోపానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదనిపించింది.

1360 నాటి మామూలు ఫ్రెంచివాడికి ఫ్రాంక్ అన్న మాట వినగానే ముందు తట్టేది రాజు కాదు, పన్ను. ఏ ప్రభువుకీ శిస్తు కట్టక్కర్లేని భూమిని ఫ్రాంక్ భూమి అనేవాళ్ళు, మన సర్వమాన్యం లాంటిది. సుంకాల నుంచి మినహాయింపు ఇచ్చి జనాన్ని రప్పించిన ఊళ్ళకు విల్‌ఫ్రాంష్ అని పేరు పెట్టారు. ఆ పేరుతో ఊళ్ళు ఫ్రాన్స్‌లో ఇప్పటికీ చాలా ఉన్నాయి. అంటే ఫ్రాంక్ అంటే కట్టక్కర్లేనిది.

అదే రోజు కోంపియేన్‌లో వచ్చిన మిగతా ఆజ్ఞలు ఏం చెప్పాయో చూడండి. అమ్మే ప్రతి సరుకు మీదా లివ్ర్‌కి (240 దెనియేలకి) 12 దెనియేలు, అంటే ఇరవయ్యో వంతు పన్ను. ద్రాక్షసారా మీద పదమూడో వంతు. ఉప్పు మీద ఐదో వంతు. రాజు విడుదల సొమ్ము కోసమే అన్నారు, ఆ అవసరం తీరేదాకానే అన్నారు. రాజు స్వేచ్ఛ పేరుతో నాణెం, ఆ స్వేచ్ఛ ఖరీదు జనం నెత్తిన. రెండూ ఒకే రోజు, ఒకే చోట, ఒకే రాజముద్రతో వచ్చాయి. ఫ్రాంక్ కథ చెప్పేవాళ్ళు నాణెం గురించి చెప్పి ఉప్పు పన్ను గురించి చెప్పకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. బ్రెతిన్యిలో ఒప్పుకున్న సొమ్ము పూర్తిగా ఎన్నడూ కట్టలేదు. 1369లో యుద్ధం మళ్ళీ మొదలవడంతో ఆ బాకీ అటకెక్కింది. పన్నులు మాత్రం ఉండిపోయాయి. 1380లో ఒకసారి రద్దు చేశారు, రెండేళ్ళు తిరక్కుండానే మళ్ళీ వేశారు, పారిస్ జనం తిరగబడ్డారు, తిరుగుబాటును అణిచేశారు. ఉప్పు పన్ను పోవడానికి 1790 దాకా, విప్లవం వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

మరి ఇన్ని పన్నులు కట్టే జనం ఆ నాణేన్ని ఎందుకు అభిమానించారు? ఇక్కడే అసలు విషయం ఉంది. దాన్ని పట్టుకోవాలంటే అంతకు ముందు డబ్బు ఎలా ఉండేదో తెలియాలి.

ఎనిమిదో శతాబ్దపు ఫ్రాంకుల రాజు షార్లమేన్ కాలం నుంచి ఫ్రాన్స్‌లో లెక్క ఒకటే. ఒక లివ్ర్‌కి 20 సూలు, ఒక సూకి 12 దెనియేలు, మొత్తం 240. లివ్ర్ అంటే పౌండు బరువు. సూ రోమన్ల బంగారు నాణెం సోలిదుస్ నుంచి వచ్చింది. దెనియే వాళ్ళ వెండి నాణెం దెనారియుస్. ఈ చివరిది మనకు చుట్టమే. అదే మాట దీనారమై మన దేశానికి వచ్చింది, నాగార్జునకొండలో ఇక్ష్వాకుల నాటి శాసనంలో దీనారి మాషకాల దానం ఉంది. రోమన్ నాణేలు కూడా కృష్ణా తీరంలో దొరికాయి. సరే, విషయానికొస్తే, ఈ లెక్కలో లివ్ర్ అనేది పేరుకే ఉంది. ఒక లివ్ర్ విలువకు నిలకడగా నిలిచే నాణెం ఏదీ జనం చేతిలో ఉండేది కాదు. అప్పులూ అద్దెలూ జీతాలూ లివ్ర్‌లలో రాసుకునేవాళ్ళు, కట్టేటప్పుడు చేతిలో ఉన్న వెండి, రాగి కలిసిన నాణేలతో కట్టేవాళ్ళు. ఆ నాణెం ఎన్ని దెనియేలకు సమానమో రాజు చెప్పాలి. ఆ మాట రాజు ఎప్పుడైనా మార్చవచ్చు.

రాజు మార్చాడు కూడా. పాత నాణేలు టంకశాలకు తెప్పించడం, కరిగించడం, వెండి తగ్గించి రాగి పెంచి, అవే పేర్లతో ఎక్కువ నాణేలు కొట్టడం. పాలలో నీళ్ళు కలిపి అదే ధరకు అమ్మినట్టు. మిగిలిన వెండి రాజుది. 1349లో ఫ్రాన్స్ రాజు ఆదాయంలో సగానికి పైగా టంకశాలల నుంచే వచ్చింది. పువాతియే ముందూ వెనకా కొన్నేళ్ళలో నాణేల తూకం, విలువ పదుల సార్లు మారాయి. నిన్న తీసుకున్న కూలితో ఇవాళ రొట్టె వస్తుందో రాదో తెలియని బతుకు అది. అప్పు ఇచ్చినవాడు మునిగేవాడు, స్థిరమైన అద్దె మీద బతికేవాడు మునిగేవాడు. కూలివాడి సంగతి చెప్పనే అక్కర్లేదు.

దీని మీద జనం ఊరుకోలేదు. 1355 చివర్లో ప్రజాప్రతినిధుల సభ పన్నులకు ఒప్పుకుంటూ, బదులుగా మంచి నాణెం కావాలని షరతు పెట్టింది. రాజు చెరలో ఉండగా యువరాజు చార్లెస్ మళ్ళీ నాసిరకం నాణెం తేబోయాడు. 1357 జనవరిలో పారిస్ వర్తకుల పెద్ద ఎతియెన్ మార్సెల్ పట్నమంతా పని ఆపించాడు. యువరాజు వెనక్కి తగ్గి ఆ నాణేన్ని ఉపసంహరించుకున్నాడు. తర్వాతి ఏడాది పల్లెల్లో రైతుల తిరుగుబాటు లేచింది, నెత్తురు ఏరులై పారింది. జులై ఆఖరున మార్సెల్ కూడా హత్యకు గురయ్యాడు. అదే కాలంలో నికోల్ ఒరేమ్ అనే పండితుడు లాటిన్‌లో ఒక గ్రంథం రాశాడు. నాణెం మీద రాజు బొమ్మ ఉన్నంత మాత్రాన అది రాజు సొత్తు కాదు, దాన్ని వాడే సమాజం సొత్తు, దాన్ని తనిష్టానికి చెడగొట్టడం వడ్డీ వ్యాపారం కన్నా హీనమని అతని వాదం. 650 ఏళ్ళ కింద ఒక చర్చి పండితుడు ఈ మాట అన్నాడంటే చదివిన ప్రతిసారీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

ఫ్రాంక్ దీని తర్వాత వచ్చింది. అది సరిగ్గా ఒక లివ్ర్, 20 సూలు. ఇన్నాళ్ళూ కాగితం మీద ఉన్న లెక్క నికరంగా బంగారమై చేతిలోకి వచ్చింది. మేలిమి బంగారం, విలువ మారదన్న హామీ. పన్ను కట్టమంటే కడతాం, నాణేన్ని మాత్రం ముట్టుకోవద్దు అని జనం ఐదేళ్ళుగా అడుగుతున్న బేరం చివరికి 1360లో కుదిరింది. అందుకే రాజు విడుదల అన్న అర్థానికి పక్కన ఇంకో అర్థం కూడా జనానికి వినబడి ఉంటుందని నా నమ్మకం. ఇది కల్తీ లేని నాణెం, చెడగొట్టే చేతుల నుంచి విడుదలైన నాణెం అని. ఇది నా ఊహే, కాగితం మీద రుజువు చూపించలేను. కానీ తర్వాత జరిగింది చూస్తే ఆ ఊహ బలపడుతుంది.

రాజు తన స్వేచ్ఛను ఎక్కువ కాలం అనుభవించలేదు. హామీగా ఉన్న కొడుకు లూయీ 1363లో తప్పించుకుని వచ్చేశాడు. ఆ మాట తప్పినందుకు జాన్ రాజు తనంతట తానే లండన్‌కి తిరిగి వెళ్ళి, 1364 ఏప్రిల్‌లో అక్కడే పోయాడు. నాణేనికి స్వేచ్ఛ అని పేరు పెట్టినవాడు మళ్ళీ బందీగానే చనిపోయాడు. పేరు అతని కోసమే అయితే అక్కడితో పోవాలి. పోలేదు. కొడుకు ఐదో చార్లెస్ 1365లో మళ్ళీ ఫ్రాంక్ కొట్టించాడు. ఈసారి రాజు గుర్రం దిగి, రాతి మండపం కింద కత్తి పట్టుకుని నిలబడ్డాడు. రెంటినీ వేరు చేయడానికి 'గుర్రం ఫ్రాంక్', 'నడక ఫ్రాంక్' అన్నారు. బొమ్మ మారినా పేరు మారలేదంటే, అప్పటికే పేరు బొమ్మనూ రాజునూ వదిలి విలువకు అతుక్కుపోయింది. దాదాపు పాతికేళ్ళు ఫ్రాంక్ అంటే ఒక లివ్ర్‌గానే నిలిచింది. పూటకో విలువ చూసిన జనానికి పాతికేళ్ళంటే ఒక తరం.

1385లో కిరీటం బొమ్మ ఉన్న కొత్త ఎక్యు వచ్చింది. దాని విలువ 22 సూల 6 దెనియేలు, గుర్తుపెట్టుకోవడానికి ఏమాత్రం వీల్లేని అంకె. ఫ్రాంక్ కొట్టడం ఆగిపోయింది. ఏడో చార్లెస్ కాలంలో కాసేపు కనబడి మాయమైంది. 1575లో మూడో ఆన్రీ వెండితో ఫ్రాంక్ కొట్టించాడు, 14 గ్రాముల పెద్ద బిళ్ళ, విలువ అదే 20 సూలు. 1641 నాటికి అదీ పూర్తిగా ఆగింది. ఆ తర్వాత నూట యాభై ఏళ్ళు ఫ్రాంక్ అనే నాణెమే లేదు. లూయీలనే బంగారు నాణేలు వచ్చాయి, ఎక్యులు వెండివయ్యాయి. అయినా జనం లివ్ర్ అనాల్సిన చోట ఫ్రాంక్ అంటూనే ఉన్నారు. నాణెం చచ్చిపోయినా పేరు నోట్లో బతికింది. మనకిది తెలిసిన సంగతే. డబ్బు అనేది ఒకప్పుడు ఒక రాగి నాణెం పేరు, ఆ నాణేన్ని చూసినవాళ్ళు ఎవరూ లేరు, మాట మాత్రం మొత్తం సొమ్ముకే పేరైపోయింది. దుడ్డు కూడా అంతే. పుదుచ్చేరిలో ఫ్రెంచివాళ్ళు కొట్టిన రాగి నాణేన్ని వాళ్ళు 'దుదు' అని రాసుకున్నారు. ఒక వైపు లిల్లీ పువ్వు, రెండో వైపు తమిళంలో ఊరి పేరు. ఇక్కడి జనం ఫ్రాంక్‌ని నమ్మరని వాళ్ళకు తెలుసు. అందుకే 1736లో ఆర్కాటు నవాబు దగ్గర అనుమతి తెచ్చుకుని మొగలు చక్రవర్తి పేరుతోనే రూపాయలు కొట్టారు. యానాంలో కూడా చివరిదాకా నడిచింది రూపాయే.

ఒక రాజు తల నరికిన విప్లవ ప్రభుత్వం 1795లో కొత్త కొలతలు తెచ్చింది. మీటరు, గ్రాము పుట్టిన ఆ ఏప్రిల్ 7 నాటి చట్టంలోనే, ఇక లివ్ర్ బదులు ఫ్రాంక్ అనాలని రాశారు. ఇంకో రాజు పెట్టిన పేరును వాళ్ళెందుకు ఎంచుకున్నారు? ఒక కారణం మామూలుది. లివ్ర్ అంటే బరువు కూడా, కొత్త తూకాలు వచ్చాక ఆ మాట ఉంటే గందరగోళం. కానీ అది లివ్ర్‌ని తీసేయడానికి కారణం, ఫ్రాంక్‌ని తేవడానికి కాదు. అప్పటికి ఫ్రాంక్‌లో రాజు మిగల్లేదు, జనం నోటి మాటగా మిగిలింది. పైగా అర్థం స్వేచ్ఛ. 5 ఫ్రాంకుల వెండి నాణెం మీద గుర్రం మీది రాజు బదులు హెర్క్యులీస్ నిలబడ్డాడు, అటొకరు ఇటొకరు స్వేచ్ఛ, సమానత్వం అనే ఇద్దరు స్త్రీలు. పైన 'ఐక్యత, బలం' అని రాశారు. పాత లెక్కకీ కొత్తదానికీ తేడా ఎంతో తెలుసా? 81 లివ్ర్‌లకు 80 ఫ్రాంకులు. అంత దగ్గరగా ఉంచారు. 1803లో ఖాయం చేసిన ఫ్రాంక్, 4.5 గ్రాముల శుద్ధ వెండి, 1914 దాకా కదల్లేదు. నెపోలియన్, మళ్ళీ రాజులు, మళ్ళీ గణతంత్రం, మళ్ళీ చక్రవర్తి, జర్మనీ చేతిలో ఓటమి. ఇన్ని మారినా నాణెం మారలేదు. ఒరేమ్ కోరినదానికి అంత దగ్గరగా ఇంకే కాలమూ రాలేదేమో.

ఆ తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. మొదటి ప్రపంచయుద్ధం అప్పులు దాన్ని తినేశాయి. 1928లో ఐదో వంతు విలువకి దించి నిలబెట్టారు. 1960లో వంద పాత ఫ్రాంకులకు ఒక కొత్త ఫ్రాంక్ అన్నారు. మనకు 1957లో నయాపైసా వచ్చినట్టే అక్కడ 'కొత్త ఫ్రాంక్' వచ్చింది. ఇక్కడ ముసలివాళ్ళు నాలుగణాలు, ఎనిమిదణాలు అంటూనే ఉన్నట్టు అక్కడా పాత ఫ్రాంకుల్లోనే లెక్కపెట్టారు. ఆ కాలపు నికెల్ ఫ్రాంక్ ఒకటి నా దగ్గరుంది. ఒక స్త్రీ పొలంలో విత్తనాలు చల్లుతూ నడుస్తుంటుంది, వెనక సూర్యుడు పొడుస్తుంటాడు. 1360 నాటి గుర్రం రౌతు కంటే నాకు ఈవిడే ఆ పేరుకు తగిన మనిషనిపిస్తుంది. 2002 ఫిబ్రవరి 17తో ఫ్రాన్స్‌లో ఫ్రాంక్ చెలామణి ఆగింది. 6.55957 ఫ్రాంకులు ఒక యూరో.

కానీ ఫ్రాంక్ చచ్చిపోలేదు. స్విట్జర్లండ్ సంగతి అటుంచండి. పశ్చిమ, మధ్య ఆఫ్రికాల్లో 14 దేశాలు ఈ రోజుకీ సీఎఫ్ఏ ఫ్రాంక్ వాడుతున్నాయి. 1945 డిసెంబర్ 26న అది పుట్టినప్పుడు ఆ మూడక్షరాల అర్థం 'ఆఫ్రికాలోని ఫ్రెంచి వలసలు'. దేశాలు స్వతంత్రమయ్యాక ఆ అక్షరాలకు అర్థం మార్చారు, అక్షరాలు మార్చలేదు. చాలా ఏళ్ళు ఆ దేశాల విదేశీ నిల్వల్లో సగం ఫ్రాన్స్ ఖజానాలో పెట్టాల్సి వచ్చింది. 1994 జనవరిలో దాని విలువను ఒక్క దెబ్బతో సగానికి కోశారు. ఇప్పుడు 655.957 సీఎఫ్ఏ ఫ్రాంకులకు ఒక యూరో. పైన చెప్పిన అంకెలే, బిందువు మాత్రం జరిగింది. ఇది స్థిరమైన నాణెమని, ధరలు అదుపులో ఉంచిందని సమర్థించేవాళ్ళు ఆ దేశాల్లో కూడా ఉన్నారు. ఆ మాటలో నిజం ఉంది, కొట్టిపారేయను. కానీ 1360లో జనం అడిగింది స్థిరత్వం ఒక్కటే కాదు, నాణెం మీద అధికారం ఎవరిదన్నది కూడా. ఆ రెండో ప్రశ్నకు అక్కడ ఇంకా జవాబు రాలేదు. 2019 డిసెంబర్‌లో అబిజాన్‌లో ఫ్రాన్స్, కోట్ దివార్ అధ్యక్షులు పశ్చిమాఫ్రికాలో ఆ పేరు తీసేసి 'ఎకో' అని పెడతామన్నారు. నిల్వలు పారిస్‌లో పెట్టాలన్న షరతు ఎత్తేశారు, ఎకో నాణెం మాత్రం జనం చేతికి రాలేదు.

సెనెగల్ బజారులో వొలోఫ్ భాషలో బేరమాడేవాళ్ళు ఫ్రాంకుల్లో లెక్కపెట్టరు, దెరెమ్‌లలో పెడతారు. ఒక దెరెమ్ ఐదు ఫ్రాంకులు. దిర్హమ్ నుంచి వచ్చిన మాట అది. వంద ఫ్రాంకుల వస్తువును ఇరవై దెరెమ్‌లంటారు. ఫ్రెంచివాళ్ళు వచ్చి ఇన్ని తరాలైనా వాళ్ళ నోటి లెక్కను ఫ్రాంక్ గెలవలేకపోయింది. రేపు ఎకో వస్తే దానికి తెరవెనక హామీగా ఎవరుంటారు, విలువ తగ్గించాలంటే ఎవరి సంతకం కావాలి, పారిస్‌దా, డాకర్‌దా అన్నది ఆ దేశాల సభల్లో ఇంకా తేలాలి. నాణెం వాడేవాళ్ళదేనన్న ఒరేమ్ మాటను ఆ చర్చలో ఎవరైనా గట్టిగా చదివితే బాగుండునని నా కోరిక.